మొప్పల కథ

ఒడ్డునబడిన చేప అని మనము తరచుగా అనుచుందుము. దిక్కుతోచక గిలగిల కొట్టుకొనువానికి ఇంతకంటె తగిన పోలిక మన భాషలో దొరకదు. పోలిక చక్కగా అమరినది గనుకనే అందులోని వింత మనకు తట్టదు. ఒడ్డున గాలికి కొరత లేదు. ఒక లీటరు గాలిలో ప్రాణవాయువు 210 మిల్లీలీటర్ల వరకు ఉండును. ఒక లీటరు మంచినీటిలో, అది ఎంత నిర్మలమైనదైనను, మన దేశపు వేడిమిలో ఆరు మిల్లీలీటర్ల ప్రాణవాయువు దొరకుట కష్టము. అనగా చేప పేదయింటినుండి ముప్పది రెట్లు కలిగిన యింటికి వచ్చి, అచ్చట ఊపిరాడక చచ్చుచున్నది. ఇదెట్లు సంభవించును?

ఇందుకు సమాధానము నేటి హైస్కూలు విద్యార్థి రెండు మూడు వాక్యములలో చెప్పగలడు. చేపకు ఊపిరితిత్తులు లేవు, మొప్పలు కలవు. నీటిలో కరగియున్న ప్రాణవాయువును ఆ మొప్పలు గ్రహించును. గాలిలో అవి పనిచేయవు. ఈ మాటలన్నియు సత్యములే. కాని వీనిని చేరుటకు మానవజాతికి రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది. మధ్యకాలమున మహామేధావులు దారితప్పిరి. వారికంటె తక్కువ పేరుగలవారు సరియైన దారి చూపినను వినిపించుకొన్నవారు లేరు. ఆ చరిత్రనే ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయుదుము.

క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున గ్రీసు దేశమందు అనక్సాగొరాస్ అనియు, డయోజనీస్ అనియు ఇరువురు తత్త్వవేత్తలుండిరి. ఈ డయోజనీస్ తొట్టెలో కాపురముండినట్లు కథలు చెప్పుకొను సన్న్యాసి కాడు. అపొలోనియా నగరమునకు చెందిన వేరొక పండితుడు. ప్రాణికోటికంతకును గాలియే ఆధారమని ఆయన సిద్ధాంతము. మరి చేపల మాటయేమి? చేప నోటినిండ నీరు తీసికొని మొప్పలగుండ వెలుపలికి విడుచును. అట్లు విడిచినపుడు నోటిలో శూన్యమేర్పడును. ఆ శూన్యము చుట్టుపట్లనున్న నీటినుండి గాలిని లాగికొనునని డయోజనీస్ చెప్పెను. నీటిలో గాలి యున్నదని ఆయన నమ్మకము. అనక్సాగొరాస్ చెప్పినదియు ఇంచుమించుగా ఇదియే. ఈ వివరణలో శూన్యము సంగతి సరికాదు. కాని నీటిలో గాలి యున్నదనుట, చేప దానిని తీసికొనుచున్నదనుట అక్షరాల నిజము. పరికరములు లేని కాలమున, ఊహాబలముతో మాత్రమే వారు ఇంత దూరము వచ్చిరి.

వారి దురదృష్టమేమనగా, తరువాతి శతాబ్దమున వారికి ఎదురుగా నిలిచినవాడు అరిస్టాటిల్. శ్వాసక్రియనుగూర్చి ఆయన ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసి, అందు చేపలు ఊపిరి పీల్చవని వాదించెను. ఆ వాదమును మనము తేలికగా తీసిపారవేయరాదు. ఆయన వేసిన ప్రశ్నలు గట్టివి. ఊపిరి పీల్చు జంతువును దేనినైనను నీట ముంచి పట్టుకొనుడు. అది ప్రాణము విడుచునపుడు బుడగలు వచ్చును. తాబేలునైనను కప్పనైనను అట్లే. చేపను ఎంతసేపు నీట పట్టుకొన్నను బుడగ రాదు. కనుక దానిలోపల గాలి లేదు. నీటినుండి గాలిని లాగుట చేపకు సాధ్యమైనచో, నీట మునిగిన మనుష్యునికి ఏల సాధ్యము కాదు? చేప ఒడ్డున ఏల చచ్చును? గాలి మితిమీరుటచేత చచ్చునని డయోజనీస్ సమాధానము. అరిస్టాటిల్ దీనిని పరిహసించెను. అట్లైనచో నేలమీది జంతువులలో నొకటియైనను గాలి ఎక్కువై ఎన్నడైన చచ్చినదా అని అడిగెను.

మరి మొప్పలు ఎందుకు? దేహమునందు, విశేషించి గుండెయందు, సహజముగా ఒక వేడి యున్నదని, దానిని చల్లార్చుటకే శ్వాస ఏర్పడినదని అరిస్టాటిల్ అభిప్రాయము. నేలమీది జంతువులు గాలితో చల్లబరచుకొనును. చేపలు నీటితో చల్లబరచుకొనును. ఊపిరితిత్తి గాలికి, మొప్ప నీటికి. చూచుటకు ఎంత పొందికగా నున్నది! వాదమున ఒక అంగము మాత్రము లోపించినది. నీటిలో గాలి యున్నదా లేదా అని ఆయన పరీక్షింపలేదు. లేదని అనుకొనెను. అన్యాయము చేయకుండ మరొక మాటయు చెప్పవలెను. సముద్రములో తిరుగు డాల్ఫిన్ చేపవలె కనిపించినను, దానికి మొప్పలు లేవని, ఊపిరితిత్తి యున్నదని, అది పైకి వచ్చి గాలి పీల్చునని స్పష్టముగా వ్రాసినవాడును ఈ అరిస్టాటిలే. తన కండ్లతో చూచినచోట ఆయన తడబడుట అరుదు.

ఆయన మాట ఐరోపాఖండమున దాదాపు రెండువేల సంవత్సరములు చెల్లినది. ఎదురు చెప్పినవారు లేకపోలేదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను గ్రంథకర్త ప్లినీ, చేపలు ఊపిరి పీల్చవను మాటను తాను వెంటనే అంగీకరింపజాలనని, ఎండకాలమున చేపలు రొప్పుట మనము చూచుచున్నాము గదా అని వ్రాసెను. 2వ శతాబ్దమున వైద్యుడు గేలెన్, మొప్పలలో అతిసూక్ష్మములైన రంధ్రములున్నవని, అవి గాలిని రానిచ్చి నీటిని రానీయవని చెప్పెను. ఇది సత్యమునకు ఎంత చేరువగా వచ్చినదో గమనింపుడు. కాని రంధ్రములను ఆయన చూడలేదు, చూపలేదు. ఇరుపక్షములవారును మాటకు మాట చెప్పుకొనుటయే గాని, పాత్ర తెచ్చి చేపను అందుంచి చూచినవారు లేరు.

ఆ పని చేసినవాడు ఫ్రాన్సు దేశమున మాంపెలియే నగరపు వైద్యాచార్యుడు గిల్యోం రాండెలే. 1554లో ఆయన సముద్రపు చేపలనుగూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన చేసిన పరీక్ష పసిబిడ్డ చేయదగినంత సులభము. సన్నమూతి గల పాత్రలో నీరుపోసి చేపను విడిచెను. అది హాయిగా ఈదుచుండెను. పాత్ర నిండుగా నీరుపోసి, గాలి చొరకుండ మూతిని అరచేతితో మూసెను. చేప ఉక్కిరిబిక్కిరియై చచ్చెను. నీటికి కొదువ లేదు, నీరు వేడెక్కలేదు. చల్లార్చుటకే మొప్పలైనచో చేప ఏల చావవలెను? పైనున్న గాలితో నీటికిని, నీటితో చేపకును ఏదో సంబంధమున్నదని ఈ పరీక్ష చాటినది. ఆ సంబంధము పేరు మాత్రము రాండెలేకు తెలియదు.

తరువాతి శతాబ్దమున ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ గాలిని తోడివేయు యంత్రమును నిర్మింపజేసెను. నీటి పాత్రను అందులో నుంచి పైనున్న గాలిని తోడివేయగా నీటినుండి బుడగలు పుట్టి పైకి వచ్చెను. అనగా డయోజనీస్ ఊహించిన గాలి నీటిలో నిజముగానే యున్నది. పై ఒత్తిడి తగ్గినంతనే అది బయటపడుచున్నది. 1674లో ఆక్స్‌ఫర్డు వైద్యుడు జాన్ మేయో మరొక అడుగు వేసెను. గాలియంతయు ప్రాణాధారము కాదని, అందులో ఒక భాగము మాత్రమే దీపమును వెలిగించి ప్రాణిని బ్రతికించునని, చేప మొప్పలును మన ఊపిరితిత్తులును ఆ ఒక్క భాగమునే గ్రహించునని వ్రాసెను. ఆమ్లజనికి పేరు పెట్టుటకు నూరేండ్లు ముందుగా వ్రాసిన మాట ఇది! నలుబదియేండ్లు నిండకుండగనే మేయో మరణించెను. ఆయన గ్రంథము చాలకాలము అలమరలలో నిద్రించెను. 1690లో స్విట్జర్లండుకు చెందిన యోహాన్ బెర్నౌలీ, గణితమున సుప్రసిద్ధుడు, కాచి గాలిని వెడలగొట్టిన నీటిలో చేప బ్రతుకదని నిరూపించెను. అరిస్టాటిల్ వాదమునకు ఇది తుదిదెబ్బ కావలసినది. అయినను వాదములు అంత త్వరగా చావవు.

1770 మొదలు 1780 వరకు నడచిన పదేండ్లలో షీలే, ప్రీస్ట్‌లీ, లావొయిజియే అను మువ్వురి కృషివలన ఆమ్లజని బయటపడి, పేరు పొంది, శ్వాసకును దహనమునకును ఆధారముగా గుర్తింపబడినది. ఇక చేపల సంగతి లెక్కకు వచ్చినది. ఇటలీ దేశస్థుడు స్పల్లాన్‌జానీ చేపలు, నత్తలు మొదలుగా ఎన్నో ప్రాణులు ఆమ్లజనిని గ్రహించుటను పరీక్షించెను. ఆయన మరణానంతరము 1803లో ఆ పరిశోధనలు వెలువడినవి. ఆపైన దక్షిణ అమెరికా యాత్రవలన జగత్ప్రసిద్ధుడైన హంబోల్ట్, పారిస్ నగరమున ప్రొవాన్సాల్ అను సహచరునితో గూడి సేన్ నది నీటిని, ఆ నీటిలోనుంచిన చేపలను పరీక్షించి, 1809లో ఫలితములు ప్రకటించెను. నీటినుండి వెడలగొట్టిన గాలిలో ఆమ్లజని నూటికి 30 పాళ్లకు పైగా ఉన్నదని వారు కనుగొనిరి. మనము పీల్చు గాలిలో అది 21 పాళ్లే. ఆమ్లజని నత్రజనికంటె సులభముగా నీటిలో కరగుటయే ఇందుకు కారణము. ఎన్ని చేపలు, ఎంతసేపు, ఎంత ఆమ్లజని తీసికొన్నవి, ఎంత బొగ్గుపులుసు వాయువు విడిచినవి అని తూచి చెప్పిన తొలి గొప్ప ప్రయత్నములలో ఇది యొకటి.

ఇచ్చట ఒక సాధారణ భ్రమను గూర్చి చెప్పవలసియున్నది. నీరు హైడ్రొజను, ఆమ్లజని కలిసి ఏర్పడినది గనుక, చేప నీటిని విడగొట్టి అందలి ఆమ్లజనిని తీసికొనునని చదువుకొన్నవారు సైతము కొందరు తలంచుచుందురు. అది సరికాదు. నీటిని విడగొట్టుటకు కావలసిన శక్తి చేపయొద్ద లేదు. పాలలో కలిసిన పంచదారవలె నీటిలో కలిసియున్న ఆమ్లజని వేరు. నీరుగా మారిన ఆమ్లజని వేరు. చేపకు అక్కరకు వచ్చునది మొదటిదే. దానిని కొలుచుటకు 1888లో హంగరీ దేశపు రసాయనికుడు లాయొష్ వింక్లర్ ఒక చక్కని పద్ధతి చూపెను. సీసాలో నీటిని పట్టి, మాంగనీసు లవణము మొదలైనవి కలిపి, రంగు మారుటనుబట్టి లెక్కకట్టు ఆ పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. దానివలన తేలిన లెక్కలు చేపల బ్రతుకును తేటతెల్లము చేయును. మంచువలె చల్లనైన నీటిలో లీటరుకు 14 మిల్లీగ్రాములకు పైగా ఆమ్లజని కరగును. 20 డిగ్రీల వేడిమిలో 9, 30 డిగ్రీలలో ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. నీరు వేడెక్కినకొలది సరుకు తగ్గుచుండును. అదే సమయమున చేప శరీరము వేడెక్కి దాని ఆకలి పెరుగుచుండును. ప్లినీ చూచిన రొప్పు ఇదియే.

ఈ కొద్దిపాటి సరుకును చేప ఎట్లు ఏరుకొనుచున్నది? ఒక లీటరు ఆమ్లజని కావలెనన్న మనము అయిదు లీటర్ల గాలి పీల్చిన చాలును; దాని బరువు ఆరు గ్రాములు. చేప ఒక లీటరు ఆమ్లజనిని సంపాదింపవలెనన్న నూట యేబది లీటర్లకు పైగా నీటిని నోటిగుండ నడిపింపవలెను. దాని బరువు నూట యేబది కిలోగ్రాములు! ఇంత బరువును ఊపిరితిత్తులవలె లోనికి లాగి, ఆపి, వచ్చిన దారినే వెలుపలికి నెట్టుట ఏ ప్రాణికిని గిట్టుబాటు కాదు. అందుచేత నీరు ఒకే దిక్కున, నోటినుండి మొప్పలకు, మొప్పలనుండి వెలుపలికి పోవుచుండును. నోరు తెరచినపుడు మొప్పమూత మూసికొని యుండును. నోరు మూసినపుడు మొప్పమూత తెరచుకొనును. ఇంతవరకు పల్లెకారులందరికిని తెలిసినదే. 1958లో ఇంగ్లండుకు చెందిన హ్యూస్, షెల్టన్ అనువారు నోటిలోని ఒత్తిడిని, మొప్పమూత క్రింది ఒత్తిడిని వేరువేరుగా కొలిచి, చేపకు ఒకటి కాదు, రెండు పంపులున్నవని చూపిరి. నోరు నెట్టును, మొప్పమూత లాగును. ఒకటి ఆగు క్షణమున రెండవది పనిచేయుటచేత మొప్పలమీదుగా నీటిధార దాదాపు ఎడతెగక పారుచుండును. కొన్ని ట్యూనా చేపలు ఈ శ్రమయు పడవు. నోరు తెరచుకొని వేగముగా ఈదుచుండును. నీరు తానే దూసికొనిపోవును. ఆ వేగము మానినచో వానికి ఊపిరాడదు.

మొప్ప నిర్మాణమును కండ్లారా చూడవలెనన్న ఏ చేపల అంగడిలోనైనను చూడవచ్చును. మొప్పమూత ఎత్తిన లోపల ఎర్రని కుచ్చులు కనబడును. తాజా చేపయా కాదాయని మన గృహిణులు పరీక్షించు చోటు అదియే. ప్రక్కకు నాలుగేసి వంపుటెముకలు. ఒక్కొక్క ఎముకమీద రెండు వరుసలుగా దువ్వెనపండ్లవంటి పోగులు. ఒక్కొక్క పోగుకు పైనను క్రిందను వందలకొలది పలుచని రేకులు. ఈ రేకులలో నెత్తురు ప్రవహించును. నెత్తురునకును నీటికిని మధ్యనున్న తెర మందము మిల్లీమీటరులో వెయ్యవ భాగములు కొన్ని మాత్రమే. 17వ శతాబ్దము ముగియుచుండగా పారిస్ అకాడమీకి చెందిన డ్యువెర్నే పండితుడు కార్పు చేప మొప్పలను ఓపికతో విడదీసి, వానిలోని ఎముకలను, కండరములను, నాళములను లెక్కించి, గుండెనుండి వెలువడిన నెత్తురంతయు మొదట మొప్పలకే పోవునని వివరించెను.

మనము మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానము ఈ రేకులలోనే యున్నది. నీటిలో ఇవి ఒకదానినొకటి తాకక విడివిడిగా తేలుచుండును. నీటినుండి పైకి తీసినంతనే, తడిసిన కుంచె వెండ్రుకలు ఒక్కటిగా అంటుకొనునట్లు, ఇవియు అంటుకొనిపోవును. వేలకొలది రేకుల వైశాల్యము మటుమాయమై, వెలుపలి అంచులు మాత్రము గాలికి మిగులును. క్రమముగా అవియు ఎండును. చుట్టును సంపద యున్నను పుచ్చుకొనుటకు చేతులు లేని స్థితి యన్నమాట. 1830 ప్రాంతమున ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు ఫ్లూరెన్స్ పరీక్షలుచేసి ఈ సంగతి చెప్పెను. అరిస్టాటిల్ డయోజనీసును ఇరుకున పెట్టిన ప్రశ్నకు ఆ విధముగా రెండువేల సంవత్సరములు గడచిన తరువాత జవాబు దొరికినది.

ఇక మొప్ప చేయు పనులలో అన్నిటికంటె చమత్కారమైనది మిగిలియున్నది. నీరు రేకులమధ్య ఏ దిక్కునకు పారునో, రేకులలోపల నెత్తురు దానికి సరిగా ఎదురు దిక్కున పారును. ఇందువలన లాభమేమి? ఒక వీధిలో నిండుకుండలవారు, ఖాళీకుండలవారు రెండు వరుసలుగా నడచుచున్నారనుకొందము. ప్రక్కప్రక్కనున్నవారిలో ఎక్కువ గలవాడు తక్కువ గలవానికి పోయవలెనని కట్టడి. ఇరువురును ఒకే దిక్కున నడచినచో, ఇద్దరి కుండలును సగము సగమైన వెంటనే బేరము ముగియును. ఎదురెదురుగా నడచినచో, ఖాళీకుండవాడు నిండినకొలది తనకంటె నిండుకుండవానినే కలిసికొనుచుండును. వీధి చివర వాని కుండ దాదాపుగా నిండును. మొప్పలో జరుగునది ఇదియే. ఈ ఎదురుప్రవాహపు విలువను 1938లో హాలెండు దేశీయుడు వాన్ డామ్ తన పరిశోధనలో వెల్లడించెను. నీటిలోని ఆమ్లజనిలో నూటికి 80 వంతుల వరకు చేప పుచ్చుకొనగలదు. మనము పీల్చిన గాలిలోని ఆమ్లజనిలో నాలుగవ వంతు మాత్రమే వాడుకొని మిగిలినది విడిచిపుచ్చుదుము. 1952లో హేజెల్‌హాఫ్, ఎవన్‌హౌస్ అను మరి ఇద్దరు హాలెండు దేశీయులు ఒక చేప మొప్పలమీదుగా నీటిని బలవంతముగా తలక్రిందు దిక్కున నడిపి చూచిరి. అంతకుముందు సగమునకు మించి అందుచుండిన ఆమ్లజని పదవ వంతునకు లోపుగా పడిపోయినది. అదే మొప్ప, అదే నీరు. దిక్కు మారినది, అంతే.

ఇంత పలుచని తెరను నీటికి ఒడ్డినందుకు చేప మూల్యము చెల్లింపక తప్పదు. ఆమ్లజని వచ్చు దారినే దేహపు వేడి బయటకు పోవును. ఉప్పు సంగతి మరింత చిక్కు. నదిచేప ఒంటినుండి లవణము నీటిలోనికి జారిపోవుచుండును. సముద్రపు చేప ఒంటిలోనికి లవణము చొరబడుచుండును. 1931లో ఏన్సెల్ కీస్ అను అమెరికా దేశీయుడు పాముచేప మొప్పలను గుండెతోసహా వేరుచేసి, వాని గుండ ద్రవమును నడిపి, మొప్పలు ఉప్పును పనిగట్టుకొని వెలుపలికి నెట్టుచున్నవని రుజువు చేసెను. ఈయనయే తరువాతికాలమున ఆహారమునకును గుండెజబ్బులకును గల సంబంధమునుగూర్చి పరిశోధించి పేరుకెక్కినవాడు. అంతకు రెండేండ్లు ముందు, 1929లో, హోమర్ స్మిత్ చేపను రబ్బరు తెరతో రెండుగా విభజించిన తొట్టెలో, తల ఒకవైపునను తోక ఒకవైపునను ఉండునట్లు నిలిపి, దేహములోని నత్రజని వ్యర్థములలో చాలభాగము మూత్రముగా గాక మొప్పలగుండనే పోవుచున్నదని చూపెను. ఊపిరితిత్తి, మూత్రపిండము చేయు పనులలో పెక్కింటిని చేపకు ఈ ఎర్రని కుచ్చులే నెరవేర్చుచున్నవి.

ఎర్రని కుచ్చులన్నాము గాని, దక్షిణధ్రువ సముద్రమున వానికొక మినహాయింపు కలదు. అచ్చటి కొన్ని చేపల నెత్తురు నీరువలె తెల్లగా నుండును. 1954లో నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ రూడ్, వాని నెత్తురులో ఎర్రకణములుగాని హిమోగ్లోబిన్‌గాని లేవని ప్రకటించెను. గడ్డకట్టు చలిలో నీరు ఆమ్లజనితో నిండియుండుటచేత, నెత్తురు దానిని కేవలము కరగించుకొని మోసికొనిపోయినను ఆ చేపలకు సరిపోవుచున్నది.

మన దేశపు చెరువులు దీనికి పూర్తిగా విరుద్ధము. వేసవిలో ఎండి బురదయగు మడుగులలో, నాచు క్రుళ్లిన గుంటలలో, మొప్పలను మాత్రమే నమ్ముకొన్న చేప బ్రతుకలేదు. అందుచేత మన కొరమీను, మార్పు మొదలైన చేపలకు మొప్పలతోపాటు గాలిని నేరుగా పీల్చు ఏర్పాటు వేరుగా కలిగినది. కొరమీనునకు మొప్పలపైని గదులు. మార్పునకు చెట్టుకొమ్మలవంటి ఎర్రని అవయవము. సంతలో కొరమీనులను గిన్నెడు నీటిలో గంటలతరబడి ప్రాణముతో నుంచి అమ్ముట ఈ కారణముచేతనే సాధ్యమగుచున్నది.

ఈ చేపలు ఐరోపావారికి మొదట అద్భుతముగా తోచినవి. మన విశాఖపట్టణమున కంపెనీవారి కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నున్న పాట్రిక్ రస్సెల్, అచ్చటి తీరమున సేకరించిన 200 చేపల చిత్రములను, వర్ణనలను, స్థానికులు పిలుచు పేర్లతోసహా 1803లో లండనులో అచ్చువేయించెను. మన పల్లెకారుల నోటిమాటలు పాశ్చాత్య విజ్ఞానగ్రంథములకెక్కిన తొలి సందర్భములలో ఇది యొకటి. దానికి ముందు, 1791లో, తమిళదేశపు తరంగంబాడిలో డేనిష్ కొలువుననున్న డాల్డార్ఫ్ అను సైనికోద్యోగి, ఒక చేప తాటిచెట్టు బోదెపై ఎగబ్రాకుచుండగా నీటికి అయిదడుగుల ఎత్తున పట్టుకొన్నానని వ్రాసిపంపెను. ఈ వార్త లండనులోని లిన్నేయస్ సంఘపువారి పత్రికలో వెలువడగా నమ్మినవారు కొందరు, నవ్వినవారు కొందరు. ఆ చేప మొప్పమూతల ముండ్లతో నేలపై ప్రాకుట నిజమే. చెట్టెక్కుట మాటకేమి? ఉత్తరోత్తర హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యులుగా నుండిన బి. కె. దాస్ గారు, తాటిచెట్ల పంగలలో కనిపించిన చేపలను కాకులును గ్రద్దలును తెచ్చి విడిచినవని చెప్పి అద్భుతమును కొంత నేలకు దించిరి. గాలి పీల్చు భారతీయ మత్స్యములనుగూర్చి, వాని అవయవములు గ్రుడ్డుదశనుండి ఏర్పడు క్రమమునుగూర్చి దాస్ గారు 1927లో లండను రాయల్ సొసైటీవారి గ్రంథమాలయందు ప్రకటించిన వ్యాసము నేటికిని విజ్ఞులు ఉదహరించునట్టిది. ఇట్టి చేపలను నీటిపైకి రానీయక వలతో అడ్డగించినచో, నీట పుట్టి నీట పెరిగిన ఆ ప్రాణులు నీటిలోనే ఉక్కిరిబిక్కిరియై చచ్చునని మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండిన ఫ్రాన్సిస్ డే 19వ శతాబ్దముననే పరీక్షించి చూచియుండెను. చేప నీట మునిగి చచ్చుట యనిన సామాన్యులు నవ్వుదురు. అయినను అది జరుగునట్టి విషయము.

ఈ విజ్ఞానమంతయు నేడు కృష్ణా గోదావరీ మండలముల రైతునకు పుస్తకములోని ముచ్చట కాదు. కొల్లేటి చుట్టుపట్ల 1980 ప్రాంతమునుండి వరిచేలు చేపల చెరువులుగా మారినవి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశమున ప్రథమస్థానమున నిలిచినది. ఆ చెరువులలో పెంచు బొచ్చెలకు, శీలావతులకు కొరమీనునకున్న అదనపు సదుపాయము లేదు, మొప్పలే దిక్కు. పగలు నీటిలోని పచ్చని సూక్ష్మజీవులు ఎండవలన ఆమ్లజనిని పుట్టించును. రాత్రి అవియే దానిని వాడుకొనును. అడుగున పేరుకొన్న మేత, పెంట క్రుళ్లుచు మరికొంత మ్రింగివేయును. కనుక చెరువులో ఆమ్లజని కనిష్ఠమునకు దిగునది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజాము. లీటరుకు అయిదు మిల్లీగ్రాములున్నచో క్షేమము. రెండునకు దిగినచో ప్రమాదము. రెండు మూడు దినములు ముసురుపట్టి ఎండ కాయకున్నచో ఆ వేళకు చెరువు దివాలా తీయును. అపుడు వేలకొలది చేపలు పైకి తేలి నోళ్లు తెరచి మూయుచుండును. గాలి పీల్చుచున్నవని చూచువారు అనుకొందురు. అవి గాలిని పీల్చుట లేదు. గాలిని తాకుచున్న నీటి పైపొరలో మాత్రమే కొంత ఆమ్లజని మిగిలియున్నది; ఆ పలుచని పొరను నోటితో ఒడిసి మొప్పలకు అందించుకొనుచున్నవి.

సంవత్సరపు కష్టము ఒక్క ఉదయమున వెల్లకిలబడి తేలుట ఎరిగిన రైతు ఆ వేళ నిద్రపోడు. టార్చిలైటు పట్టుకొని గట్టుమీద తిరుగుచు నీటిపైని కదలికను కనిపెట్టుచుండును. నోళ్లు కనబడినంతనే చక్రముల యంత్రమును నడిపించి నీటిని చిలికించును, లేదా ఇంజను పెట్టి నీటిని ఎగజిమ్మించి మరల చెరువులోనే పడునట్లు చేయును. ఎండ వచ్చిన కొంతసేపటికి పచ్చని నీరు మరల ఆమ్లజనిని పుట్టింప మొదలిడును. చేపలు ఒకటొకటిగా అడుగునకు దిగును. ఎక్కడనుండియో ఆ చెరువులో దూరిన కొరమీను మాత్రము రాత్రియంతయు అప్పుడప్పుడు పైకి వచ్చి, ఒక గుక్క గాలి మ్రింగి, తన దారిన తాను పోవుచునే యుండును.